ఇన్‌స్టాలో ఒకేరకం బొమ్మలు చూసి మొహం మొత్తింది, ఇప్పటి ఆర్టిస్టుల్ని మీరెలా పట్టుకుంటారు?

పెన్సిల్‌ముక్క:
నాకు బొమ్మలెయ్యడం రాదు గానీ చూడ్డం పిచ్చి. చిన్నప్పుడు ఇంటికి వారపత్రిక వస్తే కథ తర్వాత, ముందు బొమ్మ చూసేవాడ్ని, అడుగున బాపు అనో చంద్ర అనో మోహన్ అనో సంతకం వెతుక్కోవడం అదో ఆట. ఇప్పుడు ఇన్‌స్టా ఓపెన్ చేస్తే ఒక వాటర్‌కలర్ రీల్‌కి లైక్ కొట్టిన పాపానికి నెల్రోజులు అదే పువ్వు, అదే బ్రష్షు, మధ్యలో ఏఐ బొమ్మలు. ఇప్పుడు పనిచేస్తున్న ఆర్టిస్టులు, ఇలస్ట్రేటర్లు, డిజైనర్లు ఎవర్ని ఫాలో అవ్వాలి, అసలు మీకు ఎలా తెలుస్తారు వీళ్లు? మనవాళ్లయితే ఇంకా మంచిది, కాకపోయినా పర్లేదు.

మక్తాగల్లీ:
అన్నా, ఫోన్ పక్కన పెట్టి ఒక ఆదివారం పొద్దున ఎం.ఎస్. మక్తా పో. ఖైరతాబాద్ దగ్గరనే, 2016ల స్టార్ట్ (St+art) ఇండియా అని గోడబొమ్మలు ఏయించే సంస్థ వాళ్లు ఆ గల్లీల ఇండ్ల గోడల మీద బొమ్మలేయించిండ్రు. కొన్ని ఎండకు వానకు వెలిసిపోయినయ్, కొన్నింటి ముందట బైకులుంటయ్, అయినా చూడాలె. గోడ మూలకు సంతకం కనిపిస్తే ఫొటో తీస్కొని ఇంటికొచ్చి ఆ పేరు కొట్టు. స్వాతి-విజయ్ అని మన హైదరాబాద్ జంట ఉన్నరు, గోడల మీద మామూలు మనుషుల్ని ఏస్తరు, వాళ్లతో మొదలుపెట్టు. ఒకల్ల పేజీకి పోతే వాళ్లు ఎవర్ని ఫాలో అవుతున్నరో ఆ లిస్టు చూడు, ఆల్గారిథమ్ కంటే ఆర్టిస్టు కన్నే నయం.

కాలేజ్‌కాంటీన్:
గ్యాలరీలు కూడా చూడండి, చాలావాటికి టికెట్ ఉండదు, మాదాపూర్ స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్, బంజారాహిల్స్‌లో కళాకృతి. వైకుంఠం గారి ఎర్రబొట్టు ఆడవాళ్లు, లక్ష్మాగౌడ్ గారి ఎచింగ్‌లు (లోహపు రేకు మీద గీసి అచ్చు తీసే బొమ్మలు) అసలువి ఒకసారి దగ్గర్నుంచి చూస్తే ఫోన్‌లో చూసింది చూసినట్టే కాదు అనిపిస్తుంది.

అడ్డంగీత:
@కాలేజ్‌కాంటీన్ వైకుంఠం గారు 1942లో పుట్టారు, లక్ష్మాగౌడ్ గారు 1940. ఆయన అడిగింది కొత్తవాళ్ల గురించి కదండీ 🙂

కాలేజ్‌కాంటీన్:
పెద్దవాళ్లనుంచే దారి దొరుకుతుందండీ, అందుకే చెప్పా. ఇద్దరూ హైదరాబాద్‌లో చదివాక బరోడా వెళ్లి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నవాళ్లే. గురువెవరు, క్లాస్‌మేట్లెవరు, తర్వాత ఎవరికి పాఠం చెప్పారు అని లాక్కుంటూ పోతే ఇప్పటి పిల్లల దాకా వస్తారు. నేనలాగే ఏలె లక్ష్మణ్ గారి దగ్గరకొచ్చా. చేనేత కుటుంబం, సైన్‌బోర్డులు రాసిన చెయ్యి, తెలంగాణ రాజముద్ర డిజైన్ చేసింది కూడా ఆయనే, బోలెడు తెలుగు పుస్తకాలకి ముఖచిత్రాలు వేశారు. శ్రీకాళహస్తి కలంకారీ కుటుంబం నుంచొచ్చిన రమేష్ గొర్జాల బొమ్మలు కూడా చూడండి, దూరం నుంచి ఒక్క హనుమంతుడే, దగ్గరకెళ్తే ఆ ఒంటినిండా చిన్న చిన్న కథలు. కొచ్చి వెళ్లే పనుంటే అక్కడ బియెన్నాలే అనే పెద్ద ఆర్ట్ షోతో పాటు స్టూడెంట్స్ బియెన్నాలే అని జరుగుతుంది, దేశంలో ఫైన్ ఆర్ట్స్ కాలేజీల పిల్లల పని అంతా అక్కడుంటుంది, నాకైతే పెద్ద షో కంటే అదే నచ్చింది.

రెండోపేజీ:
నాది చాలా చవక పద్ధతి. పుస్తకం కొనగానే అట్ట తిప్పి "ముఖచిత్రం" అని ఎవరి పేరుందో చూస్తా, పేరు వెయ్యని పుస్తకాలు కూడా ఉంటాయి, అదొక దరిద్రం. ఇంట్లో పిల్లలుంటే ఇంకా తేలిక, ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైట్ 2015 నుంచి ఉంది, ఫ్రీ, తెలుగులో కూడా బోలెడు కథలు, ప్రతిదానికీ బొమ్మలేసినవాళ్ల పేరుంటుంది, ఆ పేరు నొక్కితే వాళ్లు వేసినవి వరసగా వచ్చేస్తాయి. మా బాబుకి కథ చదువుతూ చదువుతూ నేను రాజీవ్ ఐప్ ఫ్యాన్ అయిపోయా, ఆయన గీసే కుక్కల కోసం కథలు వెతుక్కుంటున్నాననుకోండి. ప్రియా కురియన్ గీసే అమ్మమ్మలు కూడా అంతే, అచ్చం మా పిన్నమ్మమ్మే. చెన్నై తారా బుక్స్ వాళ్ల పుస్తకాల్లో భజ్జు శ్యామ్ లాంటి గోండు చిత్రకారులు దొరుకుతారు, కొన్ని చేత్తో తయారుచేసిన కాగితం మీద స్క్రీన్‌ప్రింట్ చేసినవి, రేటు కాస్త ఎక్కువే, లైబ్రరీలో ఉంటే వదలొద్దు.

ఒత్తుపొల్లు:
డిజైనర్లంటే ఎవరూ ఫాంట్ చేసేవాళ్లని తల్చుకోరేంటండీ. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగు ఫిల్టర్ పెట్టి ప్రతి ఫాంట్ దగ్గరా డిజైనర్ పేరు చూడండి. రామభద్ర, మండలి, ధూర్జటి ఇవన్నీ చూస్తే పురుషోత్ కుమార్ గుత్తుల అనే ఒక్క పేరే మళ్లీ మళ్లీ కనబడుతుంది, సగం పెళ్లికార్డులూ ఫ్లెక్సీలూ ఆయన అక్షరాల్లోనే ఉన్నాయేమో అని నా అనుమానం. ముంబైలో ఫాంట్లు చేసే ఎక్‌టైప్ వాళ్ల తెలుగు ఫాంట్ బలూ తమ్ముడు, పేరే ముద్దొస్తుంది. ఇంగ్లీషులో A నుంచి Z అంటే 26, మనకి గుణింతాలు ఒత్తులు కలిపితే వందల కొద్దీ ఆకారాలు గీయాలి, ఆ కష్టం తెలిశాక "క్ష్మి" అన్న అక్షరం ఎక్కడ కనబడ్డా ఆగి చూస్తా. రోజుకో అక్షరం గీసి పెట్టే ఆన్‌లైన్ ఛాలెంజ్ ఒకటుంది, 2014లో మొదలైన ఆ 36 డేస్ ఆఫ్ టైప్ ట్యాగ్‌కి తెలుగు అని కలిపి వెతకండి, అక్షరాల పిచ్చోళ్లు దొరుకుతారు. మీక్కావాల్సింది పెయింటింగ్ అయితే సారీ.

పెన్సిల్‌ముక్క:
అందరికీ థాంక్సండీ. రాత్రి రెండోపేజీ గారు చెప్పినట్టు ఇంట్లో అల్మైరా మొత్తం కింద పడేశా, మా ఆవిడ తిట్టింది, ఇరవైమూడు పుస్తకాల్లో తొమ్మిదింటికి ముఖచిత్రం ఎవరిదో లేనే లేదు. ఉన్నవాటిల్లో మూడు ఏలె లక్ష్మణ్ గారివే, పదేళ్లుగా నా ఇంట్లోనే ఉన్నాయి, చూస్కోలేదు. ఆదివారం మక్తా వెళ్తున్నా, మక్తాగల్లీ బ్రో బండి ఎక్కడ పెట్టాలో కాస్త చెప్పు.

మక్తాగల్లీ:
బండి నెక్లెస్ రోడ్ దిక్కు పెట్టి నడ్వు అన్నా, గల్లీలకు తెస్తే నీ బండే బొమ్మకు అడ్డమైతది.