రిమాండులో ఉన్న తమ్ముడి గురించి భయంగా ఉంది, ఎవరికి చెప్పాలి?

మాది కావలి. తమ్ముడు రిమాండులో ఉన్నాడు. బెయిలు కొట్టేసినకాడ్నుంచి మనిషి మనిషిలా లేడు. మొన్న ములాఖత్‌లో తలెత్తకుండా "పాపను నువ్వే చూసుకోవాలక్కా" అన్నాడు. వాడి నోట అంత మెత్తటి మాట ఎప్పుడూ రాదు, అదే నా భయం. గేటు దగ్గర చెబితే "అందరూ అట్నే అంటారమ్మా" అని పంపేశారు.

సూపరింటెండెంటుకు అర్జీ రాసిచ్చి, నకలు మీద ముద్ర వేయించుకుంటే పట్టించుకుంటారా? నెల్లూరు జిల్లా న్యాయసేవాధికార సంస్థ నుంచి వకీలు లోపలికెళ్లి చూస్తారా? మానసిక వైద్యుడికి చూపించమని మేజిస్ట్రేటు కోర్టులో పిటిషన్ వేయొచ్చా? కాపాడతామని ఒంటరి గదిలో పెడితే ఇంకా కుంగిపోతాడు. పక్కన మనిషి ఉండేలా అడగొచ్చా? మానసిక సాయానికి సర్కారు పెట్టిన ఫోను లైను టెలిమానస్ 14416కి నేనైతే చేయగలను, వాడి చేతిలో ఫోనుండదు కదా. వచ్చే ములాఖత్‌లో "చచ్చిపోవాలనిపిస్తోందా" అని సూటిగా అడగొచ్చంటున్నారు, నిజమేనా? తెలిసినోళ్లు తొందరగా చెప్పండి.