రక్తంలో సార్బిటాల్ పరీక్ష ఎక్కడ చేస్తారు?
అందరికీ నమస్కారం. మా తమ్ముడికి 23 ఏళ్లు. ఇంటర్ చదివేటప్పటి నుంచి నడుస్తుంటే పాదాలు ఈడ్చుకుపోతాయి, మెట్లెక్కాలంటే రెయిలింగ్ పట్టుకోవాల్సిందే. షుగర్ లేదు. బి12 తక్కువని మాత్రలు వాడాం, మార్పు లేదు. పోయిన నెల జన్యు పరీక్షలో ఎస్‌ఓఆర్‌డీ జన్యువు రెండు కాపీల్లోనూ లోపం ఉందని వచ్చింది.

ఒంట్లో గ్లూకోజ్ కొంత సార్బిటాల్ అనే చక్కెర లాంటి పదార్థంగా మారుతుంది. దాన్ని ఆక్సీకరించి ఫ్రక్టోజ్‌గా మార్చే ఎంజైమే, ఈ జన్యువు తయారుచేసే సార్బిటాల్ డీహైడ్రోజినేజ్. అది పనిచేయక సార్బిటాల్ పేరుకుపోయి కాళ్ల నరాలు దెబ్బతింటున్నాయట. ఈ సంబంధం 2020లోనే బయటపడింది, అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదనుకుంటా.

ఈ జన్యువు పక్కనే అచ్చం దానిలాంటి, పనిచేయని నకలు ఒకటి ఉంటుంది. దానివల్ల రిపోర్టు పొరబడవచ్చని, రక్తంలో సార్బిటాల్ కొలిస్తే తేలుతుందని డాక్టరుగారు చెప్పారు. హైదరాబాద్‌లో గానీ బెంగళూరులో గానీ ఆ పరీక్ష ఎక్కడ చేస్తారు? అమ్మానాన్నలకూ చేయించాలా? షుగర్ వాళ్ల నరాల జబ్బుకు ఇచ్చే ఎపాల్‌రెస్టాట్ సార్బిటాల్ తయారీనే తగ్గిస్తుంది కదా, ఈ లోపం ఉన్నవాళ్లెవరైనా డాక్టరు పర్యవేక్షణలో వాడారా? వాడు ఉద్యోగంలో చేరాల్సిన సమయం, ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.