వయొలిన్, కార్టూన్లు, బీటెక్: ఒకటి వదలాల్సిందేనా?

నీలిసిరా (మల్కాజ్‌గిరి)

అందరికీ నమస్కారం. నేను బీటెక్ ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) రెండో సంవత్సరం. కాలేజీ ఔటర్ రింగు రోడ్డు దాటాక ఉంది. బస్సులో పోవడానికి గంటా పది నిమిషాలు, రావడానికి గంటన్నర. పదేళ్ల వయసు నుంచి వయొలిన్ నేర్చుకుంటున్నాను, సర్టిఫికెట్ పరీక్ష పాసయ్యాను. ఇంటర్ నుంచి కార్టూన్లు వేస్తున్నాను. వారానికొకటి, నాలుగు గడుల బొమ్మ. మా కాలేజీ బస్సు, అపార్ట్‌మెంట్ లిఫ్టు, అమ్మమ్మ ఫోన్లో మాట్లాడే తీరు, ఇవే నా విషయాలు.

మొదటి మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష) మార్కులు వచ్చాయి. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌లో బాగా తగ్గాయి. హాజరు 71 శాతం. మాది జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీ. 75 ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే సరైన కారణం చూపించి కండొనేషన్ ఫీజు కట్టాలి. 65 కంటే దిగితే డిటెయిన్, అంటే పై సెమిస్టర్‌కి పోనివ్వరు. నాన్న కోప్పడలేదు. "మూడూ కుదరడం లేదు కదమ్మా, ఏది పక్కన పెడతావో నువ్వే చెప్పు" అన్నారు. పది రోజులుగా ఆ మాటకు జవాబు వెతుక్కుంటున్నాను.

డిగ్రీ అయ్యేదాకా వయొలిన్ ఆపాలా, కార్టూన్లు ఆపాలా? ఏదీ ఆపకుండా గట్టెక్కిన వాళ్లున్నారా? టైమ్ టేబుల్ వేసుకోమని మాత్రం చెప్పకండి. నాలుగు వేశాను, ఒక్కటీ వారం దాటలేదు.

పాత బ్యాక్‌లాగ్ (కొండాపూర్)

చెల్లెమ్మా, నాకు జరిగింది చెబుతాను. నేను కాలేజీలో డ్రమ్స్ వాయించేవాణ్ణి. మూడేళ్లలో మా బ్యాండ్ ఏ ఫెస్టూ వదల్లేదు. మూడో సంవత్సరంలో రెండు సబ్జెక్టులు తప్పాను. కంపెనీలు వచ్చిన రోజు నోటీసు బోర్డు మీద మొదటి షరతే బ్యాక్‌లాగ్‌లు ఉండకూడదని. నా బెంచీలో వాళ్లంతా లోపల పరీక్ష రాస్తుంటే నేను క్యాంటీన్లో కూర్చున్నాను. సప్లీలు రాసి, అమీర్‌పేటలో కోర్సు చేసి, ఉద్యోగం దొరికేసరికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరలో డ్రమ్స్ అమ్మేశాను. ఏదీ వదలనని పట్టుబట్టినవాడికి చివరికి ఏదీ మిగల్లేదు.

అందుకే చెబుతున్నా, వయొలిన్ పెట్టెలో పెట్టు. కార్టూన్లు సెలవుల్లో వెయ్యి. ఇంకా ఐదు సెమిస్టర్లే. కళ ఎక్కడికీ పోదు.

చిక్కడపల్లి టీచర్

"కళ ఎక్కడికీ పోదు" అన్నది నిజం కాదు నాయనా. నేను ఇరవై ఆరేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. "టెన్త్ అయ్యాక వస్తాం టీచర్" అని వెళ్లిన పిల్లలు ఇంటర్ అన్నారు, తర్వాత ఎంట్రన్స్ అన్నారు. తిరిగొచ్చిన వాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వచ్చినవాళ్లు కూడా పెట్టె తెరిచి, వేలు పెట్టి, తాము ఒకప్పుడు పలికించిన స్వరం పలక్కపోయేసరికి కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

వయొలిన్‌కి వీణలాగా మెట్లుండవు. వేలు ఎక్కడ ఆగాలో చెవి చెప్పాలి, చెయ్యి వినాలి. వేళ్ల కొసల్లో కాయలు కొన్ని వారాలకే మెత్తబడతాయి, మళ్లీ కడతాయి, దానికి భయపడక్కర్లేదు. చెవికీ వేలికీ ఉన్న ఆ లంకె తెగితే మాత్రం అంత సులువుగా అతుక్కోదు. స్వరాన్ని ఊపి పలికించే గమకం అక్కడే చెడుతుంది.

అమ్మా నీలిసిరా, కొత్త కీర్తన ఎత్తుకోకు. కచేరీ ఒప్పుకోకు. రోజుకి ఇరవై ఐదు నిమిషాలు చాలు, కానీ రోజూ. శ్రుతి చేసుకుని, ఐదు నిమిషాలు ఒక్కో తీగ మీద నిండు కమాను లాగు. తర్వాత తొలి పాఠాలైన సరళి స్వరాలు మూడు కాలాల్లో (వేగాల్లో), ఆ తర్వాత జంట స్వరాలు. మిగిలిన సమయంలో నీకు బాగా వచ్చిన వర్ణం ఒకటి, రెండు కాలాల్లో. పరీక్ష రోజుల్లో ఆ మొదటి ఐదు నిమిషాలు చాలు. రాత్రి పొద్దుపోయి ఇంటికొచ్చే రోజుల్లో బ్రిడ్జి మీద రబ్బరు మ్యూట్ పెట్టుకుంటే పక్క ఫ్లాటు వాళ్లకు ఇబ్బంది ఉండదు. నీది ఎదిగే దశ కాదు ఇప్పుడు, నిలుపుకునే దశ. సంగీతంలో అదీ ఒక దశే. దాన్ని చిన్నతనంగా అనుకోకు.

నిబ్బు (నాంపల్లి)

టీచర్ గారి మాట సంగీతానికి వర్తిస్తుంది. కార్టూన్ సంగతి వేరు. నేను బ్యాంకులో పని చేస్తూ వారపత్రికలకు బొమ్మలు వేసేవాణ్ణి. నెలపాటు పెన్ను పట్టకపోయినా గీత మొదటి పది బొమ్మల్లో తిరిగొస్తుంది. తిరిగి రానిది ఐడియా. తట్టిన క్షణంలో రాసుకోకపోతే అది పోయినట్టే.

నీకు రోజుకి రెండు గంటల నలభై నిమిషాలు బస్సులో గడుస్తోంది. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకో. కుదుపుల్లో బొమ్మ వెయ్యలేవు, వెయ్యక్కర్లేదు. ఎవరేమన్నారో ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకో, పక్కన ముఖానికి నాలుగు గీతలు చాలు. ఇంటికొచ్చి నాలుగు గడులు నింపడానికి టాబ్లెట్ మీదైతే రెండు గంటలు. నెలకు రెండు బొమ్మలు వస్తే బంగారం. వారానికొకటి పెట్టాలని నిన్ను ఎవరడిగారు?

చదువుతో పాటు గీత నడిచిన వాళ్లు మనకు కొత్త కాదు. తొలి తెలుగు కార్టూనిస్టుగా మనం తలుచుకునే తలిశెట్టి రామారావు గారు లాయరు. ఆయన పుట్టిన మే 20నే తెలుగు కార్టూనిస్టుల దినోత్సవం జరుపుకుంటున్నాం. బాపు గారు మద్రాసులో లా చదివారు. జయదేవ్ గారు చెన్నైలో కాలేజీ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతూ కార్టూన్లు వేశారు. ఆర్.కె. లక్ష్మణ్ గారికి బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో సీటు నిరాకరించారు. ఆయన మైసూరు యూనివర్సిటీలో బీఏ చదువుతూనే బొమ్మలు వేశారు.

పాత బ్యాక్‌లాగ్

నిబ్బు గారూ, గౌరవంతోనే అడుగుతున్నాను. ఇవన్నీ గెలిచిన వాళ్ల పేర్లు. ఓడిపోయినవాళ్ల పేర్లు మనకెలా తెలుస్తాయి? నా పేరు ఏ పుస్తకంలో ఉంటుంది? పైగా మీరు చెప్పినవాళ్లలో బాపు గారు కోర్టు కోటు పక్కన పెట్టి బొమ్మల వైపు, సినిమాల వైపు వచ్చారు. గాయకుడు ఎస్పీ బాలు గారు అనంతపురంలో ఇంజినీరింగ్‌లో చేరి, టైఫాయిడ్ వల్ల మానేసి, మద్రాసులో ఏఎంఐఈ అనే ఇంజినీరింగ్ కోర్సులో చేరారు. 1966లో సినిమా పాట మొదలయ్యాక ఇంజినీరు కాలేదు. అంటే ఎక్కడో ఒకచోట ఒకటి పోయింది. బాలు గారిది బాలు గారి గొంతు. మన పిల్లలకు ఏది పోతుందో ముందే తెలియాలి కదా.

నిబ్బు

మీ మాటలో న్యాయముంది, కాదనను. కానీ జయదేవ్ గారు ఏదీ వదల్లేదు. ఆయన పేరు మీరు దాటేశారు.

బోడుప్పల్ లెక్చరర్

ఈసీఈ చెబుతాను కాబట్టి ఒక్క విషయం. అమ్మాయ్, సిగ్నల్స్‌లో నీకు ఏ యూనిట్ పోయిందో రాయలేదు. ఫోరియర్ సిరీస్ (ఒక తరంగాన్ని సైన్ తరంగాల మొత్తంగా రాసే పద్ధతి) అయితే నీ చేతిలో ఉన్నదే పాఠం. కమానుతో లాగిన తీగ కదలిక దాదాపు రంపపు పళ్ల ఆకారంలో ఉంటుందని 19వ శతాబ్దంలోనే హెల్మ్‌హోల్ట్జ్ చూపించాడు. మీ పుస్తకంలో రంపపు తరంగానికి ఫోరియర్ సిరీస్ కట్టే లెక్క తప్పకుండా ఉంటుంది. అందులో వచ్చే గుణకాలు ఒకటి, సగం, మూడో వంతు, నాలుగో వంతు ఇలా తగ్గుతూ పోతాయి. నీ తీగలో పలికే పైస్వరాలు కూడా మూలస్వరానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు. షడ్జం మీద కమాను లాగి, ఫోన్లో స్పెక్ట్రమ్ చూపించే ఉచిత యాప్ ఏదైనా తెరిచి చూడు. రెండింతల దగ్గర తారషడ్జం, మూడింతల దగ్గర దాని పైన పంచమం కనిపిస్తాయి. నా క్లాసులో మృదంగం నేర్చుకునే అబ్బాయి ఉండేవాడు. ఈ యూనిట్ వాడికి ఇలాగే ఎక్కింది.

హాజరు విషయంలో మాత్రం నేను నాన్నగారి వైపే. మార్కులు సప్లీలో తెచ్చుకోవచ్చు. డిటెయిన్ అయితే నీ జూనియర్లతో కూర్చోవాలి, ఒక ఏడాది పోతుంది.

ఉప్పల్ నాన్న

నాకు ఇద్దరు పిల్లలు. అకౌంట్స్ ఉద్యోగం. మీ నాన్నగారి స్థానంలో ఉండి చదువుతున్నాను ఇదంతా. ఆయన కోప్పడకపోవడానికి కారణం ఊహించగలను. రాత్రి పడుకునేటప్పుడు ఫీజు, బస్సు ఫీజు, నీ వయొలిన్ టీచర్ ఫీజు అన్నీ ఒకసారి కళ్ల ముందు తిరుగుతాయి, అయినా పిల్ల చేతిలోంచి ఏదీ లాక్కోబుద్ధి కాదు.

ఇక్కడ అందరూ వయొలిన్ ఉంచాలా, కార్టూన్లు ఉంచాలా అని వాదిస్తున్నారు. లెక్క చూడకుండా ఖర్చు కొయ్యడం మా వృత్తిలో పెద్ద తప్పు. ముందు నీ సమయం ఎక్కడికి పోతోందో తెలుసా? రెండు వారాలు రాయి. సిగ్గుపడకుండా, అరగంట కూడా వదలకుండా రాయి. రాసి ఇక్కడ పెట్టు. అప్పుడు మాట్లాడదాం.

నీలిసిరా (రెండు వారాల తర్వాత)

అంకుల్ చెప్పినట్టే రాశాను. పద్నాలుగు రోజుల లెక్క ఇది. నిద్ర, క్లాసులు, బస్సు తీసేశాను.

వయొలిన్ ఆరు గంటలు. నా కార్టూన్లు ఏడు గంటలు. ఇంట్లో చదివింది పదకొండు గంటలు, అందులో నాలుగు రికార్డు రాయడమే. ఇక కాలేజీ క్లబ్బులకు, డిపార్ట్‌మెంటుకు చేసిపెట్టిన పనులు పంతొమ్మిది గంటలు.

ఆ పంతొమ్మిది చూసి చాలాసేపు కదల్లేదు. డ్యాన్స్ క్లబ్ పోస్టరు, సింపోజియం బ్యానరు, టీ షర్టు డిజైన్, వెళ్లిపోతున్న సీనియర్ల కోసం ఇరవై రెండు మంది లెక్చరర్ల బొమ్మలు, ఒక సీనియర్ అక్క రీల్‌కి వెనకాల వయొలిన్. ప్రతిదీ "ఒక్క పోస్టరే కదా, నీకు ఐదు నిమిషాల పని" అని వచ్చిందే. బ్యానరు ఒక్కదాన్నే ఆరుసార్లు మార్పించారు. ఫెస్టు పనుల కోసం క్లాసులు వదిలిన ఐదు రోజులకు ఓడీ (కాలేజీ పని మీద ఉన్నట్టు హాజరు) ఇస్తామన్నారు. రిజిస్టర్లో ఆబ్సెంటే ఉంది. అడిగితే లెటర్ మీద సంతకం కాలేదన్నారు. నా 71 శాతం అక్కడి నుంచి వచ్చింది. ఇన్నాళ్లూ వయొలిన్‌దీ కార్టూన్లదీ తప్పనుకున్నాను. తొమ్మిదేళ్లు నేర్చుకున్న వయొలిన్‌కి నేను ఇచ్చింది వారానికి మూడు గంటలు. నాకు ఏడుపొచ్చింది, దాచడం ఎందుకు.

ఈ కాగితం నాన్నకి చూపించాను. రెండుసార్లు చదివి, "మరి దీన్ని నేను ఏది వదలమని అడగాలి?" అన్నారు.

పాత బ్యాక్‌లాగ్

నీ లెక్క చదివాక నా మూడేళ్లు గుర్తు తెచ్చుకున్నాను చెల్లెమ్మా. నేను డ్రమ్స్ ముందు కూర్చుని సాధన చేసింది తక్కువ. స్పాన్సర్ల చుట్టూ తిరిగింది, ఆటోలో సామాను మోసింది, సౌండ్ చెక్ కోసం ఎండలో నిలబడింది ఎక్కువ. నా బ్యాక్‌లాగ్‌లు సంగీతం వల్ల వచ్చాయని పదేళ్లుగా చెప్పుకుంటున్నాను. ఆ మాట పూర్తిగా నిజం కాదేమో.

అయినా రెండో మిడ్ అయ్యేదాకా ఒక్క కార్టూనూ పెట్టొద్దనే అంటాను. పని చేసిపెట్టనని ఇప్పుడు అంటావు, రేపు సీనియర్ వచ్చి మొహం మీద అడిగితే కాదనలేవు. బొమ్మ పెట్టిన ప్రతిసారీ నీకు ఖాళీ ఉందని వాళ్లకు గుర్తొస్తుంది.

చిక్కడపల్లి టీచర్

ఈ మాట మాత్రం నేనూ ఒప్పుకుంటాను.

నిబ్బు

నేను ఒప్పుకోను. కాదనడం చేతకాలేదని తన బొమ్మను దాచుకోవాలా? అడిగినవాళ్లకు సూటిగా చెప్పాలి, డిజైన్‌కి ఇంత, మార్పులు రెండే, గడువు వారం. డబ్బు తీసుకోమ్మా. తీసుకోవడం తప్పు కాదు. ఉచితంగా వెయ్యడం వల్లే దాని వెనక శ్రమ ఎవరికీ కనిపించడం లేదు.

నీలిసిరా

నిబ్బు గారూ, డబ్బు అడగడానికి నాకింకా నోరు రావడం లేదు. వాళ్లు రోజూ నా పక్కన బస్సులో కూర్చునేవాళ్లు. ప్రస్తుతానికి కల్చరల్ కోఆర్డినేటర్ గారికి మెయిల్ పెట్టాను, ఈ సెమిస్టర్ ఏ పనీ చెయ్యలేనని, ఐదు రోజుల ఓడీ సంగతి తేల్చమని. జవాబు రాలేదు. రీల్ చేసిన అక్క నిన్న పలకరించలేదు. బాధగానే ఉంది.

అన్నా, మీ మాట సగం వింటున్నాను. మిడ్ దాకా బొమ్మలు పెట్టను, కానీ నోట్‌బుక్ ఆపను. నాలుగు రోజుల్లో పదకొండు పేజీలు నిండాయి. నిన్న మేడిపల్లి దగ్గర బస్సు ఆగినప్పుడు డ్రైవర్ అంకుల్ వాళ్ల అమ్మాయితో ఫోన్లో అన్న మాట ఒకటుంది, అది ఎప్పటికైనా వేస్తాను.

లెక్చరర్ గారూ, పోయింది ఫోరియరే. మీరు చెప్పినట్టు స్పెక్ట్రమ్ చూశాను. మూడింతల దగ్గర పంచమం నిజంగానే కనిపించింది. నాన్నను పిలిచి చూపించాను. తర్వాత రంపపు తరంగం లెక్క మొదటిసారి పుస్తకం మూసి చేశాను, ఒక గుర్తు దగ్గర తప్పు వచ్చింది, మళ్లీ చేశాను.

హాజరు ఇప్పుడు 72. ఇక మీద ఒక్క రోజూ మానకపోతే సెమిస్టర్ చివరికి 75 దాటుతుందని నాన్న క్యాలెండర్ మీద లెక్కేశారు. మరీ అంచు మీద ఉంది, జ్వరం వచ్చినా కష్టమే. పొద్దున ఆరున్నరకి బస్సు. ఐదుంపావుకి లేచి సరళి స్వరాలు వాయిస్తున్నాను, మ్యూట్ పెట్టుకుని.