మెటల్ షో కోసం ఒంటరిగా విదేశం: వెళ్లిపోవాలా, తోడు దొరికేదాకా ఆగాలా?

కొత్తతీగ:
నమస్తే. ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి. జర్మనీలో జరిగే వాకెన్ ఓపెన్ ఎయిర్ అనే హెవీ మెటల్ సంగీతోత్సవానికి ముగ్గురం వెళ్దామని టికెట్లు కొన్నాం. ఇప్పుడు మిగతా ఇద్దరూ రావట్లేదు. నేను ఇంతవరకు దేశం దాటలేదు. ఊరు కాని ఊరు, భాష కాని భాష, నాలుగు రోజులు టెంట్‌లో. ఇంట్లో వాళ్లకి ఆ సంగీతమే ఎక్కదు, ఇక ఒక్కడినే వెళ్తానంటే ఏమంటారో చెప్పక్కర్లేదు. వెళ్లాలా, టికెట్ అమ్మేసి వచ్చే ఏడు చూసుకోవాలా?

రాత్రిబండి:
వెళ్లండి. ఫ్రాన్స్‌లో క్లిసన్‌లో జరిగే హెల్‌ఫెస్ట్‌కి రెండుసార్లు, బెల్జియంలో డెస్సెల్‌లో జరిగే గ్రాస్‌పాప్‌కి ఒకసారి ఒక్కదాన్నే వెళ్లొచ్చా. మొదటిసారి టెంట్ వేసుకునేటప్పుడు చేతులు వణికాయి, అబద్ధం ఎందుకు. నేల రాయిలా ఉంది, మేకు దిగట్లేదు. బూటు మడమతో కొడుతుంటే పక్క టెంట్ ఆయన వచ్చి సుత్తి నా చేతిలో పెట్టి, మాటా పలుకూ లేకుండా వెళ్లిపోయాడు. ఆయనకి ఫ్రెంచి తప్ప రాదు, నాకు ఫ్రెంచి రాదు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే ఒకరి టీషర్టు మీది బ్యాండ్ పేరు ఒకరం చూసి బొటనవేలు ఎత్తేవాళ్లం. మా స్నేహమంతా అంతే.

గుంపుగా వెళ్తే సగం సమయం 'వాడెక్కడ, వీడెక్కడ' అని వెతుక్కోవడానికే పోతుంది. హెల్‌ఫెస్ట్‌లో ఉండేవి ఆరు స్టేజీలు. నేను డూమ్ (నెమ్మదిగా, బరువుగా సాగే మెటల్) బ్యాండ్‌లు ఆడే 'వ్యాలీ' దగ్గర ఒక సాయంత్రమంతా కదలకుండా నిలబడ్డా. 'ఇంకెంతసేపు' అని అడిగేవాళ్లు లేరు.

వాకెన్ గురించి మరీ భయపడకండి. సుమారు 2,000 మంది ఉండే పల్లెటూరు, 1990లో మొదలైన ఏడాది వచ్చింది 800 మంది. ఇప్పుడు 85,000 మంది వస్తున్నా ఆ ఊరి అగ్నిమాపక దళం వాద్యబృందం వేదికెక్కి వాయించాల్సిందే.

బరువుగిటార్:
పైన రాసినావిడకి అన్నీ కలిసొచ్చాయి, సంతోషం. కలిసిరానివాళ్లు వచ్చి ఇక్కడ రాసుకోరు కదా.

2023లో అదే వాకెన్‌లో ఏమైంది? వానకి పొలాలన్నీ బురదగుంటలైపోతే, సుమారు 50,000 మంది లోపలికి వచ్చాక ఇంకెవరినీ రానివ్వలేదు. టికెట్లున్న మిగతావాళ్లని దారిలోంచే వెనక్కి మళ్లమన్నారు. టికెట్ డబ్బు తిరిగొస్తుంది సరే. విమానం డబ్బు ఎవరిస్తారు? పెట్టిన సెలవులు? ముగ్గురుంటే ఎక్కడో గది తీసుకుని నవ్వుకుంటూ గడిపేస్తారు. ఒక్కడివే అయితే స్టేషన్ బెంచీ మీద తడిసిన బ్యాగుతో కూర్చుంటావు.

ఇంకో సంగతి. డెన్మార్క్‌లో రోస్కిల్డె ఫెస్టివల్, 2000 జూన్ 30, పెర్ల్ జామ్ బ్యాండ్ షో. ముందు వరుసల తొక్కిసలాటలో తొమ్మిదిమంది పోయారు. 1988లో ఇంగ్లండ్‌లో డానింగ్‌టన్ రాక్ ఫెస్టివల్‌లో ఇద్దరు. అలాంటి చోట చెయ్యి పట్టి లాగే మనిషి ఒకడు పక్కనుండాలి.

చిన్న ప్రశ్న, సూటిగా చెప్పండి. పిట్‌లోకి (స్టేజీ ముందు జనం ఒకరినొకరు తోసుకుంటూ గెంతే చోటు) దిగేటప్పుడు పాస్‌పోర్ట్ ఎవరి చేతికిచ్చి దిగుతారు?

గుడ్లగూబ:
డ్రమ్మర్‌కి.

రాత్రిబండి:
రోస్కిల్డెలో పోయినవాళ్లంతా ఒంటరిగా వచ్చినవాళ్లని మీకెవరు చెప్పారు? అంత ఒత్తిడిలో స్నేహితుడు పక్కనున్నా చెయ్యి కదలదు. చేతులు ఛాతీ ముందు అడ్డం పెట్టుకుని ఊపిరికి చోటు మిగుల్చుకోవాలి. జనానికి ఎదురు తోయకుండా, తెరిపి దొరికినప్పుడల్లా ఏటవాలుగా పక్కకి జరగాలి. ఇది ఎవరికి వాళ్లు తెలుసుకోవాల్సిన విషయం.

పిట్ వేరు. అక్కడ పడినవాణ్ణి లేపడం మొదటి రూల్. నా బూటు ఊడి ఎటో పోయింది ఒకసారి. పాట అయ్యేలోపు ఎవరో దాన్ని జెండాలా పైకెత్తి ఊపుతున్నాడు.

పాస్‌పోర్ట్ జిప్ జేబులో, ప్లాస్టిక్ కవర్లో. అయిపోయింది.

బరువుగిటార్:
జిప్ జేబా! మీదికెక్కి దొర్లుకుంటూ పోయే క్రౌడ్ సర్ఫర్లు, చెమట, బురద, వీటన్నిటికీ జిప్ జేబు ఆగుతుందా? పోతే పోలీసు కంప్లైంట్, ఎంబసీ చుట్టూ తిరుగుడు, తాత్కాలిక పత్రం కోసం ఎదురుచూపు. అన్నీ ఒక్కడివే.

డబల్‌కిక్:
జేబూ వద్దు, టెంటూ వద్దు. పెద్ద ఫెస్టివల్స్‌లో అద్దె లాకర్లు ఉంటాయి, ముందే బుక్ చేసుకోండి. ఫొటో కాపీ ఒకటి బ్యాగులో, ఒకటి మెయిల్లో. షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకటే ఇచ్చేది) అయితే కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఎలాగూ తప్పనిసరి, ఆ పాలసీ నంబరు కాగితం మీద రాసి ఒంటి మీద ఉంచుకోండి. ఫోన్ చచ్చిపోయాక దాంట్లో ఉన్న నంబరు దేనికి పనికొస్తుంది? యూరప్‌లో ఎమర్జెన్సీకి 112. క్యాంప్ వరుస నంబరు మోచేతి మీద మార్కర్‌తో రాసుకోవడం నా అలవాటు. రాత్రి రెండింటికి ఆ టెంట్లన్నీ ఒకేలా కనిపిస్తాయి.

బరువుగిటార్:
లాకర్ తాళం ఎవరి దగ్గర ఉంటుంది? ఆ తాళం పిట్‌లో పడిపోతే?

డబల్‌కిక్:
అయ్యా బాబూ.

చెవిలోజోరీగ:
పాస్‌పోర్ట్ పోతే ఇంకోటి ఇస్తారు, చెవి పోతే ఇవ్వరు. ఎవరైనా చెవుల గురించి మాట్లాడారా? 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు ఉండొచ్చని లెక్క. మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమైపోతుంది. అంటే 100 దగ్గర పావుగంట. స్పీకర్ల ముందు 100 దాటని మెటల్ షో నేను చూడలేదు. నేను ఒంటరిగానే వెళ్లా, రెండు రోజులు బారికేడ్ పట్టుకుని నిలబడ్డా, ప్లగ్‌లు బ్యాగులోనే ఉన్నాయి. పక్కన ఎవడైనా ఉంటే 'పెట్టుకోరా వెధవా' అనేవాడేమో. మూడో రోజు హోటల్ గదిలో ఫ్యాన్ ఆపేశా, హోరు ఆగలేదు. ఆ గదిలో ఫ్యానే లేదని తర్వాత చూసుకున్నా. పదకొండేళ్లయింది, ఇది రాస్తున్నప్పుడు కూడా మోగుతూనే ఉంది. మ్యూజిక్ ఫిల్టర్ ఉన్న ప్లగ్‌లు కొనండి. స్పాంజివి పెట్టుకుంటే పాట దుప్పటి కప్పుకున్నట్టు వినిపిస్తుంది.

బరువుగిటార్:
చూశారా. తోడుంటే ఆ చెవి నిలిచేది.

చెవిలోజోరీగ:
నేను చెప్పింది ప్లగ్‌ల గురించి.

సగంస్వరం:
అడిగినాయన అబ్బాయి కాబట్టి సరిపోయింది. ఆడపిల్ల అయితే ఈ మాట ఇంత తేలిగ్గా తేల్చేవాళ్లా?

రాత్రిబండి:
ఆడపిల్లనే రాస్తున్నానండీ, పైన 'ఒక్కదాన్నే' అని ఉంది చూడండి. జర్మనీలో కొన్ని ఫెస్టివల్స్‌లో పద్ధతి ఒకటుంది. ఇబ్బందిగా అనిపిస్తే సిబ్బందిలో ఎవరినైనా 'పనామాకి దారెటు?' అని అడిగితే చాలు. కారణాలు అడక్కుండా పక్కకి తీసుకెళ్లి సాయం చేస్తారు. నాకు ఇబ్బంది ఎదురే కాలేదని అనను. ఒకసారి వెనక నిలబడ్డవాడు నా మీద చెయ్యి వేశాడు. గట్టిగా అరిచా, ముందు వరుసలో ఇద్దరు తిరిగారు, వాడు జారుకున్నాడు. పని చేసుకుని ఇంటికొచ్చేటప్పుడు బస్సులో కూడా అదే జరిగింది నాకు. బస్సెక్కడం మానెయ్యమని ఎవరూ చెప్పలేదు.

మూడోగేరు:
అక్కడికి వెళ్లాక పక్క టెంట్ వాళ్లతో కలిసిపోతారు కదా, మరి దాన్ని ఒంటరి అంటారా?

బరువుగిటార్:
అదే నేనూ అంటున్నా. సుత్తి ఇచ్చినవాడు తోడు అయిపోడు. బొటనవేలు ఎత్తడం స్నేహం కాదు. మేడం, ఒక మాట చెప్తే కోపం తెచ్చుకోవద్దు. తోడు దొరక్క వెళ్లడానికి స్వేచ్ఛ అని పేరు పెట్టి, ఈ కుర్రాణ్ణి కూడా అదే దారి పట్టిస్తున్నారు.

గుడ్లగూబ:
అయిపోయింది ఇక.

రాత్రిబండి:
కోపం ఎందుకొస్తుంది, నిజమే కదా. దొరకలేదు. 2014లో నలుగురం అనుకున్నాం, ఎక్కడ జరిగినా సరే మోటర్‌హెడ్ బ్యాండ్‌ని ఒక్కసారి చూడాలని. వాట్సాప్ గ్రూప్ పెట్టుకున్నాం, పేరు 'ఈసారి పక్కా'. ఒకమ్మాయికి పెళ్లి కుదిరింది. ఒకడికి కొత్త ఉద్యోగం, సెలవు ఇవ్వలేదు. ఒకడు 'వచ్చే వేసవికి తప్పకుండా' అన్నాడు. నా దగ్గర డబ్బుంది, సెలవుంది, ఆగాను. 2015 డిసెంబర్ 11న బెర్లిన్‌లో ఆడారు, అదే ఆఖరిది. 28న వాళ్ల గాయకుడు లెమ్మీ పోయాడు. ఆ గ్రూప్ ఇంకా నా ఫోన్‌లో ఉంది. అందులో చివరి మెసేజ్ ఆ రోజు నేను పెట్టిన లెమ్మీ ఫొటో. మూడు నీలం టిక్కులూ పడ్డాయి. ఒక్కరూ పలకలేదు.

తోడు కోసం ఆగమని చెప్పేముందు, ఆగినవాళ్లకి ఏం మిగిలిందో కూడా చెప్పండి.

మూడోగేరు:
గ్రూపుల్లో అందరూ చూస్తే రెండు నీలం టిక్కులే పడతాయి.

తుప్పుతీగ:
'ఇదే ఆఖరు' అనే మాట నమ్మి పరిగెత్తకండి, అది మాత్రం చెప్పగలను. 2017 ఫిబ్రవరి 4న బర్మింగ్‌హామ్‌లో బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ 'ది ఎండ్' టూర్ చివరి షోకి అప్పు చేసి వెళ్లా. ఏడ్చా కూడా. ఎనిమిదేళ్లకి అదే ఊళ్లో విల్లా పార్క్ స్టేడియంలో మళ్లీ పెట్టారు, ఈసారి మొదటి డ్రమ్మర్ బిల్ వార్డ్‌తో సహా నలుగురూ. స్లేయర్ బ్యాండ్ వాళ్లు 2019లో దుకాణం కట్టేసి 2024లో తెరిచారు. నా అప్పు మాత్రం ఒక్కసారే తీరింది.

బరువుగిటార్:
విల్లా పార్క్ మాట వచ్చింది కాబట్టి చెప్తా. దాచుకుని లాభం లేదు.

నాకొక స్నేహితుడు. పదహారేళ్లుగా ఇద్దరం ఒకే హెడ్‌ఫోన్స్‌లో చెరో వైపు పెట్టుకుని సబ్బాత్ విన్నవాళ్లం. ఎప్పటికైనా కలిసి చూడాలన్నది మా మాట. 2025 జూలై 5 షో ప్రకటించినప్పుడు ఇద్దరం చెరో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. నాకు దొరకలేదు. వాడికీ దొరకలేదనే అనుకున్నా. జూలై 4 రాత్రి ఫొటో వచ్చింది, విమానం కిటికీ, రెక్క. కింద 'సారీ రా' అని.

ఆ రోజు నేను ఇంట్లో ఆన్‌లైన్‌లో చూశా. రెండు గంటలు ఆలస్యంగా వచ్చే ప్రసారం. సబ్బాత్ గాయకుడు ఓజీ నల్ల సింహాసనం మీద కూర్చునే పాడాడు, లేవలేడు. సబ్బాత్ నాలుగే పాటలు. చివరి పాట నాకు మొదలయ్యేసరికి వాడికి అయిపోయి రెండు గంటలైందని తెలుసు. పదిహేడు రోజులకి ఓజీ పోయాడు. దాని గురించి మాట్లాడుకోవడానికి నాకున్నది వాడొక్కడే, వాడితో మాటల్లేవు.

ఇప్పుడు చెప్పండి, ఒక్కడూ వెళ్లడం గొప్పేనా?

రాత్రిబండి:
ఒకటడుగుతా. నిజంగా ఒక్క టికెట్టే దొరికి ఉంటే? అది మీకే దొరికి ఉంటే?

మోడరేటర్:
వ్యక్తిగతంగా పోకండి. పాస్‌పోర్ట్ గురించి కావాలంటే వేరే చర్చ పెట్టుకోండి.

బరువుగిటార్:
రాత్రంతా ఆలోచించా. నిన్ననే అయితే 'కొనేవాణ్ణి కాదు' అని రాసేవాణ్ణి. కొనేవాణ్ణేనేమో.

కానీ ఆ రోజే ఫోన్ చేసి చెప్పేవాణ్ణి. నాలుగు నెలలు నోరు మూసుకుని, రోజూ నాతో టీ తాగి, విమానమెక్కాక చెప్పేవాణ్ణి కాదు.

రాత్రిబండి:
అయితే మన గొడవ ఒంటరిగా వెళ్లడం గురించి కాదండీ. మొదట్నుంచీ అది రాసి ఉంటే ఇంత పొడుగు అయ్యేది కాదు. అయినా ఆ నాలుగు నెలలూ అతను ఆ టీ ఎలా తాగాడో నాకు తెలుసు. నేను మొదటిసారి క్లిసన్ వెళ్లినప్పుడు ఆ ముగ్గురికీ చెప్పలేదు. చెప్తే 'ఆగు, మేమూ వస్తాం' అంటారని భయం.

బరువుగిటార్:
అంటే తప్పేంటి?

రాత్రిబండి:
రారు. అదే తప్పు.

కొత్తతీగ:
ఇంత జరుగుతుందని అనుకోలేదు. ఒక విషయం మొదట్లో రాయలేదు. మిగతా ఇద్దరిలో ఒకడు తనే మానుకున్నాడు. రెండోవాడికి వీసా రాలేదు. నన్ను ఈ సంగీతంలోకి లాక్కొచ్చింది వాడే. నాకు పోయిన వారమే వీసా వచ్చింది. వాడింకా 'నీదీ రాలేదు కదా, పోనీలే' అంటున్నాడు. నేను అవుననలేదు, కాదనలేదు.

బరువుగిటార్:
తమ్ముడూ, ఇవాళే చెప్పు. మెసేజ్ పెట్టకు, మనిషిని కలిసి చెప్పు. తిడితే పడు. ఆ తర్వాత వెళ్లు.

గుడ్లగూబ:
బరువుగిటార్ 'వెళ్లు' అన్నాడు, అందరూ గమనించగలరు.

బరువుగిటార్:
పాస్‌పోర్ట్ లాకర్లో పెట్టాకే.

కొత్తతీగ:
చెప్పా. మొదట ఏమీ మాట్లాడలేదు. తర్వాత లైనప్ తీసి ఏ బ్యాండ్ ఏ రోజో అడిగాడు, రెండు పేర్ల కింద గీత గీశాడు. అవి మొదట్నుంచి చివరిదాకా చూడాలట, ఫోన్‌లో తీయకూడదట, వచ్చాక నోటితో చెప్పాలట. అందులో ఒకటి నాకసలు నచ్చని బ్యాండ్.

చెవిలోజోరీగ:
ప్లగ్‌లు కొన్నారా?

వానకారుకోయిల:
ఇప్పుడే చూశా, అన్నీ చదవలేదు. జిప్ జేబు అంటే ప్యాంటుకి లోపలి వైపా, బయటి వైపా?