'ఆక్సీకరణ ఒత్తిడి'లో ఒత్తిడి ఎవరికండీ?

మొన్న రాజోలు వెళ్తే మా బాబాయి వాట్సాప్‌లో వచ్చిన ముక్కొకటి చదవమని ఫోన్ చేతికిచ్చాడు. 'గంజాయిలోని కానబినాయిడ్లు ఆక్సీకరణ ఒత్తిడిని తగ్గిస్తాయి' అని ఉంది. "చూశావా, గంజాయి కొడితే టెన్షన్ పోతుందని సైంటిస్టులే అంటున్నారు" అని ఒకటే నవ్వు. ఆయన్నేం అనగలం, ఇవాళ ఒత్తిడి అంటే ఎవరికైనా టెన్షనే కదా. అందుకే ఆ మాటకి బదులు ఇంకో తెలుగు మాట వెతుకుతున్నాను.

సంగతి మనసుది కాదు, కణానిది. కణాలు ప్రాణవాయువు వాడుకునేటప్పుడు ఫ్రీ రాడికల్స్ అనే, పక్కవాటిని పాడుచేసే చురుకైన అణువులు పుడుతుంటాయి, వాటిని అణిచేవీ ఒంట్లోనే ఉంటాయి, పుట్టేవి ఎక్కువై అణిచేవి చాలకపోతే కొవ్వులూ ప్రోటీన్లూ డీఎన్ఏ కూడా దెబ్బతింటాయి. ఈ లెక్క తప్పడాన్నే 1985లో జర్మన్ శాస్త్రవేత్త హెల్ముట్ జీస్ ఆక్సిడేటివ్ స్ట్రెస్‌గా నిర్వచించాడు, దాన్నే తెలుగులో 'ఆక్సీకరణ ఒత్తిడి' అంటున్నారు. మన ఫిజిక్స్ పుస్తకాల్లో స్ట్రెస్‌ని 'ప్రతిబలం' అన్నారు, అక్కడ ఎవరూ పొరబడలేదు.

దీనికి తోడు ఇంకో మెలిక. గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీ మెదడులో సీబీ1 అనే గ్రాహకాన్ని (కణం మీద సంకేతాలు అందుకునే ప్రోటీన్) పట్టుకుంటుంది. ఆ గ్రాహకం ఉన్నది గంజాయి కోసం కాదు, ఒళ్ళు తనే తయారుచేసుకునే కొవ్వు పదార్థాల కోసం. 1992లో ఇజ్రాయెల్ రసాయన శాస్త్రవేత్త మెకూలమ్ బృందానికి దొరికిన మొదటిదానికి మన 'ఆనంద'తోనే ఆనందమైడ్ అని పేరు పెట్టారు. ఒకపక్క ఒత్తిడి, ఇంకోపక్క ఆనందం, బాబాయి ఇంకేం అనుకుంటాడు! 1998లో టీహెచ్‌సీ, గంజాయిలోనే ఉండే మత్తెక్కించని సీబీడీలకు ఆక్సీకరణ ఒత్తిడిని తగ్గించే గుణం ఉందని చూపించింది ల్యాబులో పెంచిన ఎలుక మెదడు కణాల మీద, దమ్ము కొట్టిన మనిషి మీద కాదు (ఆ పొగలోనే ఫ్రీ రాడికల్స్ బోలెడు).

'ఒత్తిడి'కి బదులు నా ఓటు 'ముక్కడం'కి. డబ్బా అడుగున మర్చిపోయిన జంతికలు వాసనేస్తాయే, కణం పొరలోని కొవ్వుకి జరిగేదీ దాదాపు అదే.

జవాబు: ముక్కేది బియ్యమండీ, అదీ చెమ్మకి. మా అంతర్వేదిలో ఉప్పుగాలికి కిటికీ ఊచలు చూడండి, 'తుప్పు' అంటే పిల్లాడికైనా తెలుస్తుంది.

నేను: బియ్యం సంగతి నిజమే, ఒప్పుకున్నాను. కానీ తుప్పు జరిగిపోయిన నష్టం కదండీ. జీస్ చెప్పింది అటూ ఇటూ సరితూగకపోవడం.

ఇంకో జవాబు: కాటా ఒకవైపు మొగ్గినట్టు. అయితే 'ఆక్సీకరణ మొగ్గు' అంటే?

నేను: ఆయ్, ఇది బాగుందండి. బాబాయి మీద వేసి చూస్తాను. ఏటా ధాన్యం కాటా దగ్గర మొగ్గు గురించి గొడవపడే మనిషి, విడమరిచి చెప్పక్కర్లేదు.