సైన్స్ ఫిక్షన్ గిఫ్టులు చేస్తూ కొత్త టెక్నిక్‌లు నేర్చుకోవాలని ఉంది, దేంతో మొదలుపెట్టాలి?

ఊలుబంతి:
అందరికీ నమస్తే. నాకు రెండు సూదులతో అల్లే నిట్టింగ్‌లో నిట్ (నున్నగా కనిపించే కుట్టు), పర్ల్ (బుడిపెలా కనిపించేది) వచ్చు, ఒక్క హుక్‌తో అల్లే క్రోషేలో చైన్, సింగిల్ క్రోషే వచ్చు, అంతే. కొత్తవి నేర్చుకుందామని చదరపు ముక్కలు అల్లడం మొదలుపెడతా, సగంలో వదిలేస్తా, ఎవరికోసమో తెలీని ముక్క మీద మనసు నిలవట్లేదు. మా తమ్ముడికి చిన్నప్పట్నుంచీ గ్రహాలు, రోబోలు, ఏలియన్లు అంటే ప్రాణం. వాడికి ఈ ఏడాదంతా ఒక్కో గిఫ్టు చేస్తూ, ఒక్కోదాంతో ఒక్కో కొత్త పని నేర్చుకోవాలని ఆశ. ఒక రోబో బొమ్మ చూశా, విడివిడిగా 14 ముక్కలు, దాంతోనే దిగిపోనా?

చుక్కలకుట్టు:
రోబోని చివరికి ఉంచుకోండి. 14 ముక్కలు అల్లడం కష్టం కాదు, వాటిని కలిపి కుట్టడం కష్టం, ఒక చెయ్యి పైకీ ఒకటి కిందకీ వస్తే అంత శ్రమా పోయినట్టుంటుంది. ముందు శనిగ్రహం చెయ్యండి. బంతి కుదిరితే సగం బొమ్మలు వచ్చేసినట్టే. మేజిక్ రింగ్‌లో (కొస లాగితే మూసుకుపోయే ఊలు ఉచ్చు) 6 కుట్లు, తర్వాత రౌండ్‌కి 6 చొప్పున పెంచుతూ 12, 18 అలా 36 దాకా, ఆపైన 6 రౌండ్లు పెంచకుండా, మళ్ళీ అలాగే తగ్గించుకుంటూ రావడం. అసలు నేర్చుకోవాల్సింది ఈ తగ్గించడమే. మామూలుగా రెండు కుట్లు కలిపేస్తే అక్కడో కన్నం, పక్కనో బుడిపె, లోపలి దూది కనిపిస్తుంది. కుట్టు తలమీద రెండు పోగులుంటాయి కదా, పక్కపక్క రెండు కుట్లకీ ముందు పోగు మాత్రమే హుక్‌కి ఎక్కించి వాటిలోంచి ఊలు లాగండి, హుక్ మీద మిగిలిన రెండు లూపుల్నీ మామూలుగా ముగించండి. ఎక్కడ తగ్గించారో మీరు వెతికినా దొరకదు. 18 కుట్లు ఉండగానే దూది కూరేయండి, తర్వాత వేలు పట్టదు. శని చుట్టూ ఉంగరానికి 42 చైన్లు గుండ్రంగా కలిపి, రౌండ్‌కి 6 పెంచుతూ 48, 54 చేస్తే పళ్ళెంలా చదునుగా పడుకుంటుంది. తక్కువ పెంచితే గిన్నెలా ముడుచుకుంటుంది, మరీ ఎక్కువైతే అంచు అలలు తిరిగిపోతుంది.

కొక్కెం_చేతిలో:
ఆ అలలు తిరగడాన్నే వాడుకోండి, ఏలియన్ మొక్క అయిపోతుంది! 1997లో కార్నెల్ యూనివర్సిటీలో డైనా టైమిన్యా అనే గణితవేత్త హైపర్‌బోలిక్ తలాన్ని (అంచుకి పోయేకొద్దీ అలలుగా విస్తరించే ఉపరితలం) చేత్తో పట్టుకుని చూసేలా ఇలాగే క్రోషే చేశారు. రూల్ ఒక్కటే, ప్రతి రెండో కుట్టులో రెండేసి కుట్లు. 20తో మొదలైతే 30, 45, 67... ఎనిమిదో వరసకి మూడొందలు దాటిపోతాయి, కాబట్టి ఊలు ధారాళంగా పెట్టుకోండి. బిగుతుగా అల్లాలి, వదులైతే నిలబడదు, వాలిపోతుంది.

పర్ల్‌వైపు:
నిట్టింగ్‌ని మర్చిపోకండి అమ్మా. డాక్టర్ హూ అనే బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ టీవీ సీరియల్‌లో 1974లో నటుడు టామ్ బేకర్ వేసుకొచ్చిన ఆ పొడవాటి మఫ్లర్ ఉంది కదా, డిజైనర్ రకరకాల రంగుల ఊలు ఇస్తే బిగోనియా పోప్ అనే ఆవిడ మొత్తం అల్లేసిందట, అందుకే అంత పొడుగు. అలాంటి చారల మఫ్లర్‌కి మీకు వచ్చిన నిట్ కుట్టు ఒక్కటే చాలు, రంగు మార్చడం, కొసలు దాచడం నేర్చుకుంటారు. తర్వాత డబుల్ నిట్టింగ్‌కి (రెండు రంగులతో రెండు పొరలు ఒకేసారి అల్లడం) వెళ్ళండి, రెండు వైపులా రోబో బొమ్మ, రంగులు మాత్రం తారుమారు. నిట్ చేసేటప్పుడు రెండు పోగులూ వెనక్కి, పర్ల్‌కి రెండూ ముందుకి. ఒకదాన్నే తిప్పితే రెండోది బట్ట మీద అడ్డగీతలా పడుతుంది, నాకు మొదటి రెండు వరసలూ అలాగే పోయాయి.

ఊలుబంతి:
చాలా థాంక్స్ అండి, ఒక్కోటీ రెండేసి సార్లు చదివా. వాడు కోడింగ్ చేస్తాడు, మఫ్లర్‌లో వాడికి మాత్రమే అర్థమయ్యే మాట ఏదైనా దాచొచ్చా?

పర్ల్‌వైపు:
దాచొచ్చు, ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. నిట్ సున్నా, పర్ల్ ఒకటి అనుకోండి. తెలుగు అక్షరాలకి కంప్యూటర్లు వాడే యూనికోడ్ నంబర్లు ఉన్నాయి, బైనరీలో, అంటే సున్నాలు ఒకట్లతోనే రాస్తే అక్షరానికి 16 కుట్లు, అంటే వెలుపలి వైపు ఒక వరస, వెనక వరసంతా పర్ల్. అ అయితే 0000110000000101. రవి అని రాస్తే ర, వ, గుడి మూడూ మూడు వరసలు, గుడికి విడిగా నంబర్ ఉంటుంది. తెలుగు అక్షరాలన్నిటికీ మొదటి ఎనిమిది అంకెలు 00001100 అనే ఉంటాయి, అందుకని ఏ మాట అల్లినా రెండు పర్ల్ కుట్ల బుడిపెల గీత మఫ్లర్ పొడవునా దిగుతుంది, నాకు దాన్ని మొదటిసారి చూసినప్పుడు భలే సంతోషమేసింది. ఒక్క సంగతి, మన అల్లిక కుడి నుంచి ఎడమకి నడుస్తుంది, కింద నుంచి పైకి పెరుగుతుంది. నేను అంకెల్ని వరసగా అల్లుకుంటూ పోయి, ఒక మూర అయ్యాక చూస్తే అన్నీ అటునుంచి ఇటు. విప్పేద్దామనుకుని చేతిలో తలకిందులు చేశా, అప్పుడు అంతా సరిగ్గా, పైనుంచి కిందకి, ఎడమ నుంచి కుడికి చదువుకోవచ్చు! కాబట్టి ఏమీ తిరగేయక్కర్లేదు. అంచులు ముడుచుకోకుండా రెండు పక్కలా 4 కుట్లు ప్రతి వరసలోనూ నిట్ చెయ్యండి, మొదలూ చివరా కూడా కొన్ని వరసలు అలాగే.

ఊలుబంతి:
అయితే మఫ్లర్ రెండోది, మొక్క మూడోది. గ్రహం తగ్గించడంలో 24 దగ్గర ఉన్నా, ముందు పోగులు పట్టుకోవడం పదోసారికి అలవాటైంది, నిజంగానే ఎక్కడ తగ్గించానో కనిపించట్లేదు. ఇంకో రౌండ్ అయితే దూది కూరేస్తా.