పెద్దకోళ్లు పొడిచి నెత్తి తోలు లేచిపోయిన 25 రోజుల పిల్ల: కుట్లు వేయించాలా?

పెరటిగూడు:
పొదిగే మిషన్‌లో చేయించిన నాటుకోడి పిల్లలు 12, వయసు 25 రోజులు. ఈ ఉదయం పెద్ద పెట్టలు తిరిగే దొడ్లోకి వదిలితే పావుగంటలో ఒకదాన్ని మూలకు తరిమి పొడిచేశాయి. నెత్తి వెనక రూపాయి బిళ్లంత మేర తోలు లేచి ఒక పక్కకు వేలాడుతోంది. తోక మొదట్లో ఇంకో చిన్న గాటు. కళ్లు బాగానే ఉన్నాయి, రక్తం ఆగింది. రెక్కలు దించుకుని కునుకుతోంది, మేత ముట్టడం లేదు. పసుపు, కొబ్బరినూనె కలిపి రాశాం. పశువుల డాక్టరు గారు ఎల్లుండి గానీ దొరకరు. కుట్లు పడతాయా? నీళ్లలో యాంటీబయాటిక్ పొడి కలపమని షాపులో అంటున్నారు, కలపాలా? మళ్లీ మందలో ఎప్పుడు వదలాలి?

ఊకపరుపు:
పుండు సంగతి కాసేపు పక్కన పెట్టి ముందు పిల్లకు వెచ్చదనం చూడండి. రెక్కలు దించుకుని కునుకుతోందంటే బెదిరి, ఒళ్లు చల్లబడి ఉంది. ఇలాంటి పిల్లలు పుండుతో కన్నా చలికి, దాహానికే ఎక్కువ పోతాయి.

ఒక అట్టపెట్టె తీసుకోండి. అడుగున ఊక వద్దు, పుండుకు అంటుకుంటుంది. పాత నూలుగుడ్డ పరిచి రోజుకు రెండుసార్లు మార్చండి. పెట్టెలో ఒక చివర పాత రకం 40 లేదా 60 వాట్ల ఫిలమెంట్ బల్బు వేలాడదీయండి. ఎల్‌ఈడీ బల్బు వేడి ఇవ్వదు, చాలామంది అక్కడే మోసపోతారు. బల్బు కింద 30–32 డిగ్రీలు ఉంటే చాలు, రెండో చివర చల్లగా ఉండాలి, పిల్ల తనకు కావలసిన చోటికి జరుగుతుంది. నోరు తెరిచి రొప్పుతుంటే బల్బు పైకెత్తండి, బల్బు కిందే ముడుచుకుని కీచుకీచుమంటుంటే దించండి. కరెంటు పోతే వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టండి.

అరగంట వెచ్చబడ్డాక నీళ్లు. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ చెంచాకు సమంగా గీసి. డ్రాపర్‌తో ముక్కు అంచున ఒక్కో చుక్క వదలండి, తనే మింగుతుంది. ముక్కు తెరిచి గొంతులో పోయొద్దు. నాలుక మొదట్లోనే గాలిగొట్టం నోరు ఉంటుంది, నీళ్లు అందులోకి దిగితే పిల్ల దక్కదు. ఈ నీళ్లు ఒక్కరోజు చాలు, తర్వాత మామూలు నీళ్లే.

ఇక పుండు. అర లీటరు కాచిన నీళ్లలో చెంచాకు కొంచెం తక్కువ ఉప్పు వేయండి, లేదా మందుల షాపులో నార్మల్ సెలైన్ సీసా కొనండి. గోరువెచ్చగా, సూది తీసేసిన 10 ఎంఎల్ సిరంజితో మెల్లగా చిమ్ముతూ పసుపు, నూనె, మట్టి, ఈకలు అన్నీ పోయేదాకా కడగాలి. దూదితో రుద్దొద్దు, పోగులు పుండులో ఉండిపోతాయి. పుండు చుట్టూ అర సెంటీమీటరు మేర ఈకలు చిన్న కత్తెరతో కత్తిరించండి, పీకొద్దు.

వేలాడుతున్న తోలు ఇంకా మెత్తగా, తడిగా, గులాబి రంగులో ఉంటే సెలైన్‌తో తడిపి, తడి వేలితో వెనక్కి లాగి దాని చోట్లో పరవండి. చాలావరకు అతుక్కుంటుంది. ఎండి నల్లబడితే కోయొద్దు, కింద కొత్త చర్మం వచ్చాక తనే రాలుతుంది. కుట్ల గురించి దిగులు వద్దు. మురికి పుండును ఇంట్లో మూసేస్తే చీము లోపలే పడుతుంది. నెత్తి తోలు బాగా పోయిన పిల్లలు కూడా కుట్లు లేకుండానే మూడు నాలుగు వారాల్లో మానతాయి.

గంపకింద:
పైన చెప్పినవాటికి మందుల మాట కలుపుతాను, ఎక్కువ నష్టం అక్కడే జరుగుతుంది.

కడిగాక బెటాడిన్. 5 శాతం ద్రావణమైతే ఒక పాలుకు ఐదు పాళ్లు నీళ్లు, 10 శాతమైతే పది పాళ్లు. పలచటి టీ రంగు రావాలి, డికాషన్ రంగు కాదు. చిక్కగా పోస్తే కొత్తగా వచ్చే కండను కాల్చేస్తుంది. తర్వాత సిల్వర్ సల్ఫాడయజిన్ క్రీము పలచగా, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి. ముద్దగా రాస్తే ఈకలకు పట్టి పిల్ల తడిసి మళ్లీ చల్లబడుతుంది.

వాడకూడనివి: డెటాల్, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్. నొప్పి తెలియకుండా చేసే లిగ్నోకెయిన్, బెంజోకెయిన్ కలిపిన ఆయింట్‌మెంట్లు. 150–200 గ్రాముల పిల్లకు కాస్త ఎక్కువైనా విషమే. పురుగుపట్టిన పశువుల పుండ్లకు పోసే టర్పెంటైన్ నూనె కూడా వద్దు. గేదెకు పనికొచ్చింది కదా అని కోడిపిల్లకు పోస్తే చర్మం లోంచి ఒంటికెక్కుతుంది. పసుపు పైపైన గీతకైతే పర్లేదు గానీ, లోతు పుండులో కూరితే గట్టి పెచ్చు కట్టి కింద చీము కనపడనివ్వదు.

యాంటీబయాటిక్ పొడి ఇప్పుడే వద్దు. మేత ముట్టని పిల్ల నీళ్లూ అంతంతే తాగుతుంది, మందు సరిపడా ఒంట్లోకి పోదు. మిగతా పదకొండింటికి మాత్రం అనవసరంగా పడుతుంది. వాసన, పచ్చటి చీము, చుట్టూ వేడి వాపు వస్తే అప్పుడు డాక్టరు బరువు చూసి డోసు చెప్పాలి. ఎల్లుండి దాకా ఆగలేని పరిస్థితి వస్తే 1962 కి ఫోన్ చేయండి, రెండు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్యం నంబరు అదే.

ఈగల విషయం అశ్రద్ధ చేయొద్దు. తోక దగ్గర గాటుకు రెట్ట అంటుకుంటే ఈగ వాలి గుడ్లు పెడుతుంది, ఒక్క రోజులో పురుగు కనిపిస్తుంది. పెట్టె మీద దోమతెర కప్పండి. దోమలు, తెరిచి ఉన్న పుండ్లు రెండూ కోళ్ల మశూచికి కూడా దారే, కాబట్టి తెర రెండు విధాలా మేలు. ఉదయం, సాయంత్రం తోక ఎత్తి చూడండి. తెల్లగా బియ్యపు నూకలాంటి గుడ్లు ఈకల మొదళ్లకు అంటుకుని ఉంటే ఆ ఈకలు కత్తిరించి తీసేయండి. పురుగు పట్టి ఉంటే పట్టకారుతో ఒక్కోటీ ఏరి, సెలైన్‌తో కడిగి, నాలుగు గంటల తర్వాత మళ్లీ చూడాలి. మొదటిసారి అన్నీ బయటకు రావు.

పెరటిగూడు:
చాలా థ్యాంక్సండీ. కడిగి, తోలు పరిచి, పెట్టెలో పెట్టాం. నీళ్లు చుక్కలు చుక్కలుగా తాగింది, కళ్లు తెరిచింది. కానీ సాయంత్రానికి వీపు పక్కన తోలు బూరలా ఉబ్బింది. నొక్కితే మెత్తగా ఉంది, వేడి లేదు. చీమా?

గంపకింద:
ఒక్క పూటలో చీము అంత పట్టదు. వేలితో మెల్లగా నొక్కితే చిటపటమన్నట్టు తగులుతుందా? టార్చి వెలుగు పెడితే తోలు పారదర్శకంగా కనిపిస్తుందా? అలాగైతే అది గాలి. కోడి ఒంట్లో ఊపిరితిత్తులకు ఆనుకుని గాలి సంచులు ఉంటాయి. పొడిచిన దెబ్బ ఒకదానికి తగిలితే గాలి తోలు కిందకు కారుతుంది. ఊపిరి తేలిగ్గా తీస్తుంటే వదిలేయండి, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. బిగుసుకుపోయి నడవలేకపోయినా, రొప్పుతున్నా కొత్త ఇన్సులిన్ సూదితో ఉబ్బు పైభాగాన, రక్తనాళాలు కనిపించని చోట తోలు మాత్రమే గుచ్చి మెల్లగా అదమండి. సూది పడుకోబెట్టినట్టు పట్టుకోవాలి, నిలువుగా లోపలికి దించకూడదు. మళ్లీ నిండితే మళ్లీ తీయొచ్చు.

ఊకపరుపు:
మేత సంగతి. పిల్లల దాణాను పెరుగన్నంలా జారుగా తడిపి, గట్టిగా ఉడికిన గుడ్డు పచ్చసొన కొంచెం నలిపి కలపండి. రెండు గంటలకు మించి ఉంచొద్దు, పులుస్తుంది. రాత్రి పడుకునే ముందు మెడ కింద మేత సంచి తడిమి చూడండి. నిండుగా, మెత్తగా ఉంటే తింటున్నట్టే. వంటింటి త్రాసు ఉంటే రోజూ ఒకే వేళకు తూచండి. రెండు రోజులు వరసగా బరువు తగ్గితే డాక్టరుకు చూపించాల్సిందే. తల ఒక పక్కకు వాల్చడం, గుండ్రంగా తిరగడం కనిపించినా అంతే, దెబ్బ లోపలికి తగిలి ఉండొచ్చు.

గట్టుమీదిదొడ్డి:
మళ్లీ కలపడం గురించి. పుండు పూర్తిగా మూసుకుని, ఎరుపు పోయేదాకా వదలకండి. ఎరుపు కనిపిస్తే తోటి పిల్లలు కూడా పొడుస్తాయి. ఈ వయసులో తోక మొదట్లో కొత్త ఈకలు మొలుస్తాయి, వాటి గొట్టంలో రక్తం ఉంటుంది. ఒకటి ఊడిందంటే రక్తం చూసి మందంతా అక్కడికే వస్తుంది. మీ పిల్లకు గాటు పడిన చోటు అదే.

అలాగని ఒంటరిగా మూడు వారాలు ఉంచినా కష్టమే, తోటి పిల్లలకే కొత్తదైపోతుంది. నాలుగైదు రోజుల్లో కోలుకుంటే పిల్లల్లో నెమ్మదైనవి రెంటిని తెచ్చి పక్కనే జాలీ అడ్డంతో ఉంచండి.

పెద్దకోళ్ల తప్పు కూడా కాదు. మిషన్ పిల్లలకు వెనకేసుకొచ్చే తల్లి లేదు. పెట్టల కళ్లకు అవి దొడ్లో పడ్డ పరాయి కోళ్లు. పిల్లలతో ఉన్న తల్లికోడి అయితే ఇంకా ప్రమాదం, పరాయి పిల్లను చంపేదాకా వదలదు. దొడ్లో ఒక మూల అర అంగుళం జాలీతో గది కట్టి, పిల్లల్ని పగలు అందులో రెండు వారాలు ఉంచండి. ఒకదాన్నొకటి చూడాలి, ముక్కు అందకూడదు. వెదురు గంప కింద మూసినా సరే గానీ, సందులోంచి పెట్ట ముక్కు దూరుతుంది; లోపల జాలీ చుట్టాలి. తర్వాత ఆ గదికే పిల్ల దూరి పెద్దకోడి దూరలేని సందు వదలండి, నాలుగు వేళ్ల వెడల్పుతో మొదలుపెట్టి పిల్లలు పెరిగేకొద్దీ పెంచండి. వాటి మేత, నీళ్లు లోపలే. అన్నిటినీ ఒకేసారి, సాయంత్రం మేత వేశాక కలపండి, ఒక్కో పిల్లను విడిగా వదలొద్దు. మేత తొట్లు రెండు మూడు చోట్ల, మూలలకు దూరంగా పెట్టండి. అడ్డం లేకుండా కలిసి తిరగడం పది పన్నెండు వారాల వయసు తర్వాతే.